ముల్లె కట్టుకున్న మూడు తీగలు

(విద్యార్థులు, ఉద్యోగులు కలిసి జరుపుకున్న సాంస్కృతిక సభల చేసిన ప్రసంగ పాఠం)



మమ్ముల పిలిచిన మిత్రులు జానపద వాద్యాల మీద మాట్లాడుమన్నరు. డప్పు గురించి, కిన్నెర గురించి, ఒగ్గుడోలు గురించి మాకన్న బాగ ఎరుకైనోళ్లు ఈ సభల్నే కూసున్నరు. వాళ్ల ముంగట మేము ఆ ముచ్చట తియ్యం. జర దూరం పోదం. రష్యా వాళ్ల బలలైకా గురించి, ఆ బలలైకా ఆర్కెస్ట్రాల గురించి, దాన్ని ముల్లె కట్టుకొని పరాయి దేశాలకు పోయినోళ్ల గురించి చెప్తం.

బలలైకా అనే పేరు మనకు కొత్తది కాదు. మాస్కో నుంచి ప్రగతి, రాదుగ ప్రచురణాలయాల తెలుగు పుస్తకాలు అగ్గువకు దొరికిన కాలంల చదువుకున్నోళ్లకు ఆ మాట యాదికుంటది. కథల ఎవడో పిలగాడు సాయంత్రం పూట గుమ్మం ముంగట కూసొని బలలైకా వాయిస్తుంటడు. అదెట్లుంటదో, ఎట్ల మోగుతదో మనకు తెల్వదు. ఊహ జేసుకొని చదువుకున్నం. మూడు మూలల డొక్క, మూడు తీగలు. అందుల రెండు తీగలకు ఒకటే శ్రుతి. చిన్న బలలైకాను వేలితోనే మీటుతరు. పెద్దది, కాంట్రబాస్ అనేది, మనిషంత ఉంటది. దాని ఒక మూలకు పొడుచుకొచ్చిన కాలును నేల మీద ఆనిచ్చి, తోలు ముక్కతోటి మీటాలె.

1965ల ‘డాక్టర్ జివాగో’ అనే హాలీవుడ్ సినిమా వచ్చింది. పాస్తర్నాక్ నవల దానికి ఆధారం. బాణీలు కట్టినాయన మోరిస్ జార్ అనే ఫ్రెంచి సంగీతకారుడు. లారా బాణీకి ఆయనకు బలలైకాలు కావాల్సి వచ్చినయి. స్టూడియో ఆర్కెస్ట్రా పెద్దదే గని అందుల బలలైకా పట్టెటోడు లేడు. వెతకంగ వెతకంగ లాస్ ఏంజెలిస్‌లనే ఒక రష్యన్ ఆర్థడాక్స్ చర్చి కాడ ఇరవై మందికి పైగ దొరికిండ్రు. తీరా పిలిపిస్తే వాళ్లకు నొటేషన్ చదువరాదు. చెవితోటి నేర్చుకున్నోళ్లు. ఆయన ఒక 16 బార్ల ముక్క (పాశ్చాత్య సంగీతంల తాళం కొలతను బార్ అంటరు) వాళ్లకు కంఠతా వచ్చేదాక నేర్పిచ్చి, ఆర్కెస్ట్రా నడుస్తుండంగ ఆ జాగ రాంగనే వాయించుమన్నడు. ఇది ఆయన తానే చెప్పుకున్న సంగతి. ఆ సంగీతానికి ఆయనకు ఆస్కార్ వచ్చింది. రష్యా అంటే ఆ బాణే అనుకున్నది సగం ప్రపంచం.

సినిమా ఎక్కువ భాగం తీసింది స్పెయిన్‌ల. సంగీతం ఫ్రెంచాయనది. రష్యాల ఆ సినిమాను 1994 దాక ఆడనియ్యలేదు. మరి అందుల రష్యా ఎక్కడున్నదంటే, ఆ చర్చి కాడ దొరికిన మనుషుల వేళ్లల్ల ఉన్నది. వాళ్ల పేర్లు ఎంతమందికి తెలుసు?

ఈ కథను చెప్పెటోళ్లు, నొటేషన్ రాని మనుషులతోటి పాపం జార్ ఎంత తిప్పలు పడ్డడో అని నవ్వుకుంట చెప్తరు. మాకు మాత్రం నవ్వు రాదు. దేశం విడిచి దగ్గర దగ్గర యాభై ఏండ్లు. పగలు బతుకుదెరువు పని. అయినా చేతిల కాగితం లేకుంట, చెవి నుంచి చెవికి ఆ వాద్యాన్ని అంతదాక మోసుకొచ్చిండ్రు కాబట్టే కదా, హాలీవుడ్‌కు కావాల్సిననాడు అది దొరికింది! దాన్ని చదువు లేకపోవుడు అనాల్నా? మన ఒగ్గు కథకుడు రాత్రంత చెప్పే కథ కాగితం చూసి చెప్తడా?

ఇగ అసలు చరిత్రకు వద్దం. పాతకాలంల రష్యాల స్కొమొరోఖ్‌లు అని ఉండెటోళ్లు. ఊరూరు తిరిగి ఆడి పాడి, పెద్దోళ్లను ఎక్కిరిచ్చి బతికెటోళ్లు. చర్చికి వాళ్లంటే పడదు. 1648ల చక్రవర్తి అలెక్సేయ్ మిఖాయిలోవిచ్ వాళ్ల వాద్యాలను విరగ్గొట్టి కాలబెట్టుమని హుకుం జారీ చేసిండు. ఆ కాలంల మాస్కో పోయిన ఒలియారియస్ అనే జర్మన్ యాత్రికుడు, ఐదు బండ్ల వాద్యాలను మాస్కో నది అవతలికి కొంటవోయి తగలబెట్టిండ్రని రాసిండు. ఐదు బండ్లంటే ఎన్ని ఊర్ల పాటనో ఆలోచించుండ్రి. నలభై ఏండ్లకు, 1688ల, బలలైకా పేరు మొదటిసారి ఒక సర్కారు కాగితం మీద కనబడ్తది. ఏదో కచేరి గురించి అనుకునేరు! ఇద్దరు మామూలు మనుషులు బండి మీద పాటలు పాడుకుంట, బలలైకా వాయించుకుంట పోతూ కావలి సిపాయిలను తిట్టిండ్రని పట్టుకపోయిన కేసు కాగితం అది. బలలైకా పుట్టిన తేదీ సర్టిఫికెట్ పోలీసుల దగ్గర దొరికిందన్నమాట.

అట్లాంటి వాద్యం పట్నం స్టేజీ ఎట్ల ఎక్కింది? వసీలీ ఆంద్రేయెవ్ అనే కలవారింటి యువకుడు 1883ల తన ఎస్టేట్‌ల అంటిప్ అనే పనిమనిషి బలలైకా వాయిస్తుంటే ఇన్నడు. వయొలిన్ నేర్చినోడు ఆయన. ఆ మూడు తీగల మీద గంత సంగీతం ఎట్ల పుడ్తున్నదా అని బీరిపోయిండు. దాన్ని పట్నానికి కొంటవోయి, మంచి కట్టెతోటి చేయించి, మెట్లు పెంచి, చిన్నయి పెద్దయి సైజులు చేయించి, 1888ల సెయింట్ పీటర్స్‌బర్గ్‌ల తన బృందంతోటి మొదటి కచేరి చేసిండు. మరుసటేడు పారిస్ ప్రపంచ ప్రదర్శనల వాయించిండ్రు. 1896ల దోమ్రా అనే ఇంకో వాద్యాన్ని తయారు చేయించి కలిపిండు. వ్యాట్కా ప్రాంతంల దొరికిన ఒక పాత వాద్యాన్ని చూసి చేయించిండ్రు. ఆ దొరికింది నిజంగ దోమ్రానేనా, బలలైకాల ఇంకో రకమా అని పండితులు కొట్లాడుకుంటనే ఉన్నరు. దోమ్రా పేరు మటుకు కజక్‌ల దోంబ్రాకు దగ్గరి చుట్టం లెక్కనే వినబడ్తది. అదే ఏడు ఆ బృందానికి ‘గ్రేట్ రష్యన్ ఆర్కెస్ట్రా’ అని పేరు పెట్టుకున్నరు.

ఇక్కడ జర ఆగుదం. ఆ గ్రేట్ రష్యన్ ఆర్కెస్ట్రాకు అన్నిటికన్న మంచి వాద్యాలు చేసినాయన సెమ్యోన్ నలీమవ్. ఉత్తరాన కోమి ప్రాంతం ఊరి నుంచి పనికి వచ్చిన వడ్రంగి. కోమి జనం రష్యన్లు కారు. వాళ్ల భాష వేరు, అది ఫిన్నిష్ భాషకు చుట్టం. బలలైకాలు చేసేటోళ్లకు ఇయ్యాల్టికీ నలీమవ్ చేతి పనే కొలబద్ద. పాట అంటిప్‌ది, చెక్కపని కోమి వడ్రంగిది, పేరేమో గ్రేట్ రష్యన్. పెద్ద పేరు కింద చిన్నోళ్లు కనబడకుంట పోవుడు అంటే ఏందో ఈ సభల ఉన్నోళ్లకు మేము విడమర్చి చెప్పే పనిలేదు.

అట్లని ఆంద్రేయెవ్‌ను దొంగ అందామా? మేము అనం. ఆయన ఆ బలలైకాను బంగళాల్ల దాచుకోలేదు. రాజధానిల ఉన్న గార్డు పటాలాల సిపాయిలకు నేర్పిచ్చిండు. వాళ్లు నౌకరి అయిపోయినంక వాద్యాన్ని ఊర్లకు పట్టుకపోయిండ్రు. ఊరి నుంచి పట్నానికి పోయింది, పట్నం నుంచి కొత్త మెట్లతోటి ఊరికి తిరిగొచ్చింది. ‘అసలైన జానపదం’ కావాలె, కల్తీ వద్దు అని మన దగ్గర కూడ కొందరు పెద్దమనుషులు గీత గీసి కూసుంటరు. రష్యన్ జానపద ఆర్కెస్ట్రా అంటేనే కోటు వేసుకున్న పట్నపోళ్లు 1888ల మొదలుపెట్టిన పని. కల్తీ అంటే అది పుట్టుకతోనే కల్తీ. అయినా లక్షల మంది దాన్ని తమదనుకున్నరు.

1909ల ఆంద్రేయెవ్ బృందం ఇంగ్లండ్ పోయింది, 1910-11ల అమెరికా పోయింది. అమెరికా జనం ఎగబడి చూసిండ్రు. అప్పటికే అక్కడ పెన్సిల్వేనియా బొగ్గు గనుల్ల పనిజేసెటోళ్లల్ల కార్పతియన్ కొండల నుంచి వచ్చిన రుసిన్లు మస్తుమంది ఉన్నరు. వాళ్లు ఆస్ట్రియా-హంగరీ ఏలుబడిల నుంచి వచ్చినోళ్లు. రష్యా మొఖం చూసినోళ్లు కారు. కాని అమెరికాల వాళ్లు కట్టుకున్న ఎన్నో గుళ్లకు ‘రష్యన్ ఆర్థడాక్స్’ అని బోర్డు పడ్డది. గుడి కింది హాల్ల పిల్లలకు భాష, పాట, ఆట నేర్పెటోళ్లు. బలలైకా కూడ ఆ బోర్డు కిందనే చేరింది. సింగరేణి ఎరిగిన మనకు గని కార్మికుని కాలనీల పండుగ పూట పాట అంటే ఏందో చెప్పనక్కరలేదు.

తర్వాత 1917 విప్లవం, అంతర్యుద్ధం. ఆంద్రేయెవ్ ఎర్రసేన సిపాయిల కోసం యుద్ధభూమిల కచేరీలు చేసుకుంట తిరిగి, జబ్బు పడి, 1918 డిసెంబర్ల చనిపోయిండు. ఆ యుద్ధంల ఓడిపోయినోళ్లు కూడ బలలైకా పట్టుకొనే ఓడలెక్కిండ్రు. 1920 నవంబర్ల క్రిమియా రేవుల నుంచి లక్షన్నర మంది దాక ఇస్తాంబుల్ దిక్కు పోయిండ్రు. గెలిచినోనిదీ అదే పాట, ఓడినోనిదీ అదే పాట. 1921ల ఇస్తాంబుల్ దగ్గర చిలింగిర్ అనే సైనిక శిబిరంల, తిండి లేని చలిల, సెర్గేయ్ జారోవ్ అనే ఆయన కసాకు సిపాయిలను పోగుజేసి గాయక బృందం కట్టిండు. అదే తర్వాత ప్రపంచమంత తిరిగిన డాన్ కసాకుల కోరస్. అది వాద్యాల బృందం కాదు, గొంతులదే. కాని దేశం లేని మనిషికి పాట బతుకుదెరువు అయితదని ముందుగాల చూపిచ్చింది వాళ్లే.

బతుకుదెరువు అన్నం గదా, దాని సంగతి కొంచెం చూద్దాం. 1920లల పారిస్‌ల పాత సైనిక అధికారులు పొద్దంత టాక్సీ నడిపెటోళ్లు. రాత్రి కబరేలల్ల పట్టు అంగీ, పొడుగు బూట్లు తొడుక్కొని బలలైకా పట్టెటోళ్లు కొందరు, తలుపు కాడ నిలబడి సలాం కొట్టెటోళ్లు కొందరు. పైసలిచ్చి తాగెటోనికి కావాల్సింది ఏడుపు పాట ఒకటి, గంతులు ఒకటి. నడుమ ఉన్నదంత వాళ్లకు అక్కెరలేదు. ఆ కబరేలల్ల అందరికన్న పేరు పోయినోళ్లు రోమా జాతి గాయకులు. రష్యాల జిప్సీలని తక్కువ చూపు చూసిన జనమే వాళ్లు. పారిస్‌కు పోయేసరికి ‘రష్యా ఆత్మ’ అయిపోయిండ్రు! దిమిత్రియెవిచ్ అనే రోమా కుటుంబం చైనా దిక్కు నుంచి తిరిగి తిరిగి పారిస్ చేరింది. హాలీవుడ్ నటుడు యూల్ బ్రిన్నర్ పడుచుతనంల వాళ్ల దగ్గర గిటారు పట్టినోడే.

వేషం కట్టి బతికిండ్రని వాళ్లను తప్పు పట్టేందుకు మాకు నోరు రాదు. ఆకలైనోడు ఏ అంగీ తొడిగితే ఏంది? కాని ఒక్కటి మాత్రం గమనించాలె. కబరే మూసుకుంటే కబరే పాట ఆగిపోయింది. గుడి హాల్ల, వారానికి ఒక పూట, టికెట్ లేకుంట వాయించుకున్నది మటుకు పిల్లల దాక పోయింది. జివాగోల వాయించినోళ్లు దొరికింది చర్చి కాడ అని మళ్ల యాది చేస్తున్నం.

చైనాల హార్బిన్ అని పట్నం ఉన్నది. 1898ల రైల్వే కోసం రష్యన్లు కట్టింది. విప్లవం తర్వాత శరణార్థులతోటి అది నిండిపోయింది. చైనాల 1949ల కమ్యూనిస్టులు గెలుస్తున్నరనంగ షాంఘై రష్యన్లు 5 వేలమందికి పైగ ఫిలిప్పీన్స్‌ల తుబాబావో అనే చిన్న దీవిల డేరాలేసుకొని ఉన్నరు. అక్కడి నుంచి ఆస్ట్రేలియా, అమెరికా, దక్షిణ అమెరికా. ఒకటే జిందగీల రెండు సార్లు, మూడు సార్లు దేశం మారినోళ్లు వాళ్లు. సామాను ఎంత తక్కువుంటే అంత మంచిది. పియానో మోసుకపోలేవు, బలలైకా మోసుకపోవచ్చు. సిడ్నీల, శాన్ ఫ్రాన్సిస్కోల రష్యన్ ఇండ్లల్ల హార్బిన్ ముచ్చట్లు అట్లనే మిగిలినయి.

ఇంతల సోవియట్ దేశంల ఏమైంది? ప్రభుత్వం ఆంద్రేయెవ్ దారిని విడువలేదు. 1919ల మొదలైన మాస్కో బృందం తర్వాత ఒసీపవ్ ఆర్కెస్ట్రా అయింది. 1948ల మాస్కోల గ్నేసిన్ సంస్థ జానపద వాద్యాలకు ఉన్నత చదువు పెట్టింది. అంటే పోలీసు కాగితంల పుట్టిన బలలైకాకు డిగ్రీ వచ్చింది. 1962ల అమెరికా మెర్క్యురీ కంపెనీ వాళ్లు తమ యంత్రాలన్ని మోసుకొని మాస్కో పోయి ఒసీపవ్ ఆర్కెస్ట్రాను రికార్డు చేసిండ్రు. ఆ రెండు దేశాలు అణుబాంబులు ఎక్కుపెట్టుకున్న ఏడాది అది. ఆ రికార్డు అమెరికాల మస్తు అమ్ముడుపోయింది. ఇక్కడ ఒక చిక్కున్నది. సోవియట్ సర్కారంటే గిట్టక దేశం విడిచినోళ్ల వాద్యాన్ని ఆ సర్కారే సాది పెంచింది. కొత్త స్వరాలు, కొత్త పుస్తకాలు, మంచి తీగలు అన్నీ అక్కడి నుంచే రావాలె. వద్దన్నా ఇంటికి పుట్టింటి పెట్టె వచ్చినట్టే.

మాకు ఈ మొత్తంల బాగ నచ్చిన ముచ్చట ఇంకొకటి ఉన్నది. ఎదువార్డ్ తూబిన్ ఎస్టోనియా సంగీతకారుడు. 1944ల సోవియట్ సైన్యం వస్తున్నదని స్వీడన్‌కు పారిపోయినోడు. అట్లాంటాయన 1964ల బలలైకాకు ఒక కాన్సర్టో రాసిండు, పూర్తి సింఫనీ ఆర్కెస్ట్రాతోటి. ఎవరి కోసం? నికొలస్ జ్వెత్నవ్ కోసం. ఆయన రష్యన్ మూలాలున్న నార్వే మనిషి. చేసేది మెదడు ఆపరేషన్లు. పైగ తుపాకి గురిల 1960 ఒలింపిక్స్‌కు పోయినోడు. తర్వాత ఆ కాన్సర్టోను రికార్డుల వాయించినాయన ఇమ్మానుయేల్ షేన్‌క్మన్. లెనిన్‌గ్రాడ్‌ల ఆంద్రేయెవ్ ఆర్కెస్ట్రాల పనిజేసి అమెరికాకు వలసపోయిన కళాకారుడు. ఆ రికార్డుకు ఆర్కెస్ట్రా నడిపినాయన నేమె యార్వి, ఆయనా ఎస్టోనియా విడిచినోడే. రష్యా సైన్యానికి భయపడి పారిపోయినోడు రష్యన్ పల్లె వాద్యానికి సంగీతం కట్టుడు ఎట్ల సాధ్యమైంది? రాజ్యం వేరు, ఆ రాజ్యంల వాయిస్తున్న అంటిప్ వేరు అని ఆయనకు తెలుసు కాబట్టి.

1978ల అమెరికాల బలలైకా, దోమ్రా వాయించేటోళ్లంత కలిసి ఒక సంఘం పెట్టుకున్నరు. 1988ల వాషింగ్టన్ బలలైకా సొసైటీ వచ్చింది. ఇట్లాంటి ఆర్కెస్ట్రాలల్ల చూస్తే రష్యన్ రక్తం చుక్క లేనోళ్లు మస్తుమంది. టీచర్లు, ఇంజనీర్లు, రిటైరైన ఉద్యోగులు. ఎక్కడో రికార్డు విని మనసు పడి వచ్చినోళ్లు. 1991ల సోవియట్ యూనియన్ కూలినంక కన్సర్వేటరీ డిగ్రీలున్న కొత్త వలస కళాకారులు వచ్చి ఈ బృందాలల్ల కలిసిండ్రు. ఒక దిక్కు పదిహేనేండ్లు చదివి పాసైన దోమ్రా విద్వాంసురాలు. పక్క కుర్చీల సాయంత్రం ఆఫీసు నుంచి టై విప్పుకుంట వచ్చిన గుమాస్తా. ఆమెకు ఆయన వాయింపు వింటే పంటికింద రాయి పడ్డట్టు ఉంటుండవచ్చు. కాని ఆయన లేకుంటే ఆమెకు ఆర్కెస్ట్రా లేదు, ఆమె లేకుంటే ఆయనకు దారి లేదు. వలసపోయిన వాద్యం ఎక్కువకాలం బతికింది ఇట్లాంటి పొత్తులోనే అని మా అభిప్రాయం. ‘మీ అమ్మనాయిన ఎవరు’ అని గేటు కాడ అడిగిన బృందాలు పిల్లలు పెద్దగై పోంగనే సన్నబడ్డయి.

మన బతుకమ్మ డాలస్‌ల, లండన్‌ల ఆడుతున్నరు. గునుగు, తంగేడు దొరకవు గని దొరికిన పువ్వుతోనే పేరుస్తున్నరు. పక్కింటి తెల్లామె వచ్చి చప్పట్లు కొడితే, ‘ఆమెకేం తెలుసు’ అనుకునేటోళ్లున్నరు, చెయ్యి పట్టి వలయంల కలుపుకునేటోళ్లున్నరు. రెండోవాళ్ల దిక్కే మేమున్నం.

చివరికి ఒక చేదు సంగతి దాస్తే అబద్ధమైతది. 2022 ఫిబ్రవరి 24న రష్యా పూర్తిస్థాయిల ఉక్రెయిన్ మీద పడ్డది. ‘రష్యన్’ అనే మాట బోర్డు మీద ఉన్న బృందాలకు ఆ మాటే ముల్లు అయింది. నాలుగు తీగల దోమ్రా ఉక్రెయిన్ కన్సర్వేటరీలల్ల తరాలుగ నేర్పుతున్న వాద్యం. దాంతోటి పెరిగిన ఉక్రెయిన్ కళాకారులు కూడ ఈ వలస ఆర్కెస్ట్రాలల్ల రష్యన్ల పక్కన కూసున్నరు. ఇంటి మీద బాంబు పడ్తుంటే పక్క కుర్చీల మనిషితోటి కలిసి శ్రుతి చేసుకొనుడు అలకటి పని కాదు. వాళ్లు ఇట్ల చెయ్యాలె, అట్ల చెయ్యాలె అని ఇక్కడ నీడపట్టున కూసొని మేము చెప్పం. పేరు మార్చుకుంటరో, పేరు ఉంచుకొని యుద్ధాన్ని ఖండిస్తరో, కొన్నొద్దులు మూసుకుంటరో అది వాళ్ల బాధ, వాళ్ల నిర్ణయం. కాని 1896ల పెట్టుకున్న ఆ ‘గ్రేట్ రష్యన్’ పేరు కిందికి కోమి వడ్రంగిని, రుసిన్ గని కార్మికుణ్ణి, రోమా గాయకుణ్ణి, ఉక్రెయిన్ దోమ్రాను కలిపి నూకినప్పుడే ఈ చిక్కు మొదలైంది. బాకీ ఇప్పుడు తీరుస్తున్నది వాయించేటోళ్లు.

మాటలు చాలించి పాట విందం. 1962ల మాస్కోల పట్టిన ఆ రికార్డుల నుంచి ఒక ముక్క తెచ్చినం. ముందుగాల సన్నగ వణుక్కుంట వినబడేది దోమ్రా, పాట నడిపేది అదే. దాని కింద టకటక కొట్టుకునేటియి చిన్న బలలైకాలు. అన్నిటి అడుగున, గుండెల తన్నినట్టు మోగేది కాంట్రబాస్. అది విననీకి కొంచెం చెవి పెట్టాలె. దయచేసి సెల్‌ఫోన్లు బంద్ చెయ్యుండ్రి, వెనుకున్న తమ్ముళ్లు ముంగటికి రాండ్రి. తర్వాత మన మిత్రులు డప్పుతోటి సిద్ధంగ ఉన్నరు.

జై తెలంగాణ!